పాసంగం తీసే తక్కెడ: నక్షత్రాల అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం కట్టుకోవడం ఎలా

తక్కెడ మీద అనుమానం వస్తే వెనకటి కొట్లలో సరుకునూ రాళ్లనూ సిబ్బెలు మార్చి రెండోసారి తూచేవారు. పాసంగం, అంటే తక్కెడకే ఉన్న ఒకవైపు మొగ్గు, ఉంటే అక్కడే బయటపడేది. రెండు తూకాలనూ కలిపి చూస్తే ఆ పాసంగం లెక్కలోంచి పోయి సరుకు అసలు బరువు మిగిలేది. నక్షత్రం అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం చేసే పని కూడా ఇదే. వెలుగును రెండు పాయలుగా చీల్చి, వాటిని ఒకదాని చోట ఒకటి పెట్టి మళ్లీ కొలవడం. కొనే ప్రతి భాగమూ, బిగించే ప్రతి మరా ఈ మార్పిడికి పనికొస్తుందా, అడ్డమొస్తుందా అని చూసుకుంటూ కట్టండి.

14 అంగుళాల టెలిస్కోపు ఉన్న కాలేజీ గానీ, నలుగురు కలిసి నడుపుకునే ఖగోళ బృందం గానీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కట్టుకోగలిగిన పరికరం ఇది. లేత్, మిల్లింగ్ పని స్థానికంగానే చేయించుకోవచ్చు. వెలుగును రంగులుగా విడదీసే గ్రేటింగ్, రెండు పాయలుగా చీల్చే కాల్సైట్ స్ఫటికం, కెమెరా మాత్రం తెప్పించుకోవాలి.

ముందు లెక్క

అయస్కాంత క్షేత్రంలో ఉన్న పరమాణువు వర్ణపటంలో వేసే గీత చీలుతుంది. దీన్నే జీమన్ ప్రభావం అంటారు. 1908లో జార్జ్ హేల్ సూర్యుడి మచ్చల్లో క్షేత్రాన్ని పట్టింది దీనితోనే. 1947లో హొరేస్ బాబ్‌కాక్ కన్యారాశిలోని 78 వర్జినిస్‌లో క్షేత్రం ఉందని ప్రకటించి, సూర్యుడు కాని నక్షత్రంలో మొదటిసారి దాన్ని చూపించాడు. చీలిక ఎంత అనేది ఇలా లెక్కకడతారు: 4.67 × 10⁻¹³ ని గీత తాలూకు లాండే గుణకంతో (క్షేత్రానికి గీత ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె), తరంగదైర్ఘ్యం వర్గంతో, క్షేత్రంతో గుణించాలి. తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో (ఒక్కోటి మీటరులో వెయ్యి కోట్ల వంతు), క్షేత్రం గాస్‌లలో తీసుకోవాలి.

ఇనుము అయాను వేసే 5018.44 ఆంగ్‌స్ట్రామ్ గీతను తీసుకోండి. దీని లాండే గుణకం 1.94, అంటే అయస్కాంతానికి బాగా స్పందించే గీత. మన వైపు తిరిగిన క్షేత్రం 1000 గాస్ అయితే గీత 0.023 ఆంగ్‌స్ట్రామ్ జరుగుతుంది. ఎడమ వృత్తాకార ధ్రువణం ఉన్న (కంపించే దిక్కు ఎడమకు సుడి తిరిగే) వెలుగులో ఒక పక్కకి, కుడి ధ్రువణం ఉన్న వెలుగులో రెండో పక్కకి జరుగుతుంది కాబట్టి, రెండింటి మధ్య ఎడం 0.046 ఆంగ్‌స్ట్రామ్. కింద చెప్పే, వెలుగును వర్ణపటంగా పరిచే స్పెక్ట్రోగ్రాఫ్‌లో ఇది డిటెక్టర్ మీద 5.5 మైక్రాన్లు, అంటే ఒకటిన్నర పిక్సెల్. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు.

ఇంత చిన్న ఎడాన్ని నేరుగా చూడలేం. నక్షత్రం తిరగడం వల్ల గీత అంతకు పదింతలు వెడల్పై ఉంటుంది. ఎడమ వెలుగులో నుంచి కుడి వెలుగును తీసేస్తే మాత్రం గీత తాలూకు రెండు అంచుల్లో ఒకవైపు గుబ్బ, ఇంకోవైపు గుంట మిగులుతాయి. గీత లోతు 40 శాతం, వెడల్పు 0.6 ఆంగ్‌స్ట్రామ్ అనుకుంటే ఆ గుబ్బ ఎత్తు 2 శాతం దాకా వస్తుంది. పొదుపుగా కట్టిన పరికరం కూడా 2 శాతాన్ని పట్టగలదు. గీత కళ్లకు కట్టినట్టు చీలిన నక్షత్రాలూ లేకపోలేదు. 1960లో బాబ్‌కాక్ చూపించిన హెచ్‌డీ 215441లో క్షేత్రం 34,000 గాస్. అలాంటివి అరుదు, పైగా అది కంటికి కనపడనంత మసక నక్షత్రం.

టెలిస్కోపు, స్థలం

ష్మిట్ కాసెగ్రెయిన్ గానీ మామూలు కాసెగ్రెయిన్ గానీ వాడండి. న్యూటోనియన్ వద్దు. అందులో 45 డిగ్రీల వాలుగా ఉండే రెండో అద్దం తనంతట తానే వెలుగును కొంత ధ్రువణం చేస్తుంది, రేఖీయ (ఒకే దిక్కున కంపించే) ధ్రువణంలో కొంత భాగాన్ని వృత్తాకారంగానూ మారుస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి పరికరం పెట్టినా నక్షత్రం నుంచి వచ్చిందేదో, అద్దం చేసిందేదో విడదీయలేరు. ఇదే కారణంగా కాసెగ్రెయిన్ వెనక 90 డిగ్రీల డయాగ్నల్ (వెలుగును పక్కకు మళ్లించే అద్దం) పెట్టకూడదు. వెలుగు ధ్రువణ పరికరంలోకి తిన్నగా దిగాలి. ఒక్కసారి రెండు పాయలుగా విడిపోయాక ఎన్ని అద్దాలైనా పెట్టుకోవచ్చు.

ఇక్కడి లెక్కలన్నీ 14 అంగుళాల, ఎఫ్/11 టెలిస్కోపుకి వేసినవి. నాభ్యంతరం 3910 మి.మీ. కాబట్టి ఫోకస్ దగ్గర 1 మి.మీ. అంటే ఆకాశంలో 53 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను డిగ్రీలో 3600వ వంతు).

సముద్రం ఒడ్డున రొయ్యల చెరువుల మధ్య ఉంటే లైట్ల వెలుగు కంటే ఉప్పుగాలే ఎక్కువ ముప్పు. ఉదయగిరి వైపు, కనిగిరి వైపు మెట్ట ప్రాంతం నయం. ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక జనవరి నుంచి మే దాకా పని దొరుకుతుంది. మార్చి నుంచి పడమటి పల్లెల్లో ఆకాశం బాగుంటుంది. డాబా మీద పెట్టేట్టయితే స్తంభం డాబా స్లాబు మీద కాకుండా కింది పిల్లర్ తల మీదే నిలబడేలా చూసుకోండి. స్లాబు పగలు తాగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది కూడా.

పావు తరంగ పలక: మన అభ్రకంతోనే

వృత్తాకార ధ్రువణాన్ని రేఖీయంగా మార్చేది పావు తరంగ పలక. క్వార్ట్జ్‌తో చేసిన జీరో ఆర్డర్ పలక కొనుక్కోవచ్చు. కానీ మనం వాడేది 4900 నుంచి 5100 ఆంగ్‌స్ట్రామ్‌ల చిన్న కిటికీ. ఆ కిటికీకి 5050 దగ్గర సరిపోయేలా చేసిన అభ్రకం రేకు చాలు. నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం వైపు గనుల అభ్రకానికి ఒకప్పుడు దేశమంతా పేరు. ఆ రాయినే మన పరికరం గుండెలో పెట్టుకోవచ్చు.

మచ్చలూ ఇనుప మరకలూ లేని ముస్కొవైట్ రేకు తీసుకోండి. కావలసిన మందం సుమారు 27 మైక్రాన్లు. రేకు అంచును నీళ్లలో కాసేపు నాననిచ్చి, సన్న సూదితో అంచు నుంచి పొర విడదీయండి. ఒక నీటిబొట్టు పగులులోకి పోనిస్తే పొర దానంతట అదే జారుతుంది, లాగనక్కర్లేదు. లాగితే మెట్లు పడతాయి. మెట్టు ఉన్న చోట మందం మారిపోతుంది, ఆ ముక్క ఇక పనికిరాదు. ఒక్క మైక్రాన్ తేడా వచ్చినా దశలో, అంటే రేకులో ఒక ధ్రువణం రెండోదానికంటే వెనకబడే కొలతలో, 3.3 డిగ్రీలు మారుతుంది కాబట్టి ఒక మైక్రాన్ చూపించే డిజిటల్ మైక్రోమీటర్ కావాలి. పది పదిహేను రేకులు తీస్తే ఒకటో రెండో సరిపడేవి దొరుకుతాయి.

పరీక్ష ఇలా చేయండి. పాత కంప్యూటర్ మానిటర్ నుంచి తీసిన పోలరాయిడ్ ఫిల్మ్ ముక్కలు రెండు, ఒక ఆకుపచ్చ ఎల్‌ఈడీ సిద్ధం చేసుకోండి. ఫిల్మ్‌లు రెండూ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి వెలుగు చీకటయ్యేలా చూడండి. మధ్యలో అభ్రకం పెట్టి తిప్పండి. ఏ స్థితిలో మళ్లీ చీకటవుతుందో అవే దాని అక్షాలు, సన్నటి గీతతో గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి సరిగ్గా 45 డిగ్రీలు తిప్పి ఆపండి. ఇప్పుడు రెండో ఫిల్మ్‌ను మాత్రమే తిప్పుతూ కెమెరాతో వెలుగు కొలవండి. ఎటు తిప్పినా వెలుగు మారకపోతే అది అచ్చమైన పావు తరంగం. హెచ్చుతగ్గుల తేడా ఐదో వంతు లోపు ఉంటే దశలో తప్పు 5 డిగ్రీల లోపే. అది చాలు. సంకేతంలో పోయేది వెయ్యింట నాలుగు వంతులే. ఆకుపచ్చ ఎల్‌ఈడీ సాధారణంగా 5200 చుట్టూ ఉంటుంది కాబట్టి, అక్కడ దశ 87 డిగ్రీలు చూపించే రేకే మనకు సరైనదని గుర్తుంచుకోండి.

రేకును ఒట్టిగా వాడకండి. 27 మైక్రాన్ల రేకు రెండు ముఖాల మధ్య వెలుగు అటూ ఇటూ కొట్టుకుని, వర్ణపటంలో దాదాపు ప్రతి 30 ఆంగ్‌స్ట్రామ్‌లకి ఒక అల లేస్తుంది. ఒట్టి రేకులో ఆ అల ఎత్తు 20 శాతం దాకా ఉంటుంది. 25 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న రెండు ఆప్టికల్ గాజు బిళ్లల మధ్య, 1.56 వక్రీభవన గుణకం ఉన్న యూవీ జిగురుతో అతికించండి. అప్పుడు అల వెయ్యింట ఒక వంతు లోపుకి దిగుతుంది. బుడగ ఉంటే ఆరబెట్టే ముందే తీసేయాలి. ఎండలో పెట్టి ఆరబెట్టొద్దు. వేడికి జిగురు ముడుచుకుని గాజులో ఒత్తిడి నిలిచిపోతుంది, ఒత్తిడి ఉన్న గాజు తానే ఇంకో తరంగ పలకలా పనిచేస్తుంది. బిళ్లల ముఖాలు ఒక ఆర్క్‌నిమిషం లోపు సమాంతరంగా ఉండాలి. లేకపోతే పలక తిరిగినప్పుడల్లా నక్షత్రం స్లిట్ (స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి వెలుగు దూరే సన్నటి సందు) మీద బొంగరంలా తిరుగుతుంది.

ఈ పలకను బేరింగ్‌లో కూర్చోబెట్టి, స్టెప్పర్ మోటారుతో, పళ్ల బెల్టుతో తిప్పండి. రెండు స్థానాలే కావాలి. కింద చెప్పే కాల్సైట్ అక్షానికి ఒకవైపు 45, రెండోవైపు 45. కోణంలో ఒక డిగ్రీ తప్పినా సంకేతం వెయ్యింట ఒక వంతు కూడా తగ్గదు. కనుక ఖరీదైన రొటేటర్ కొననక్కర్లేదు. కానీ ప్రతిసారీ ఒకే దిక్కు నుంచి వచ్చి ఆగేలా ప్రోగ్రాం రాయండి, బెల్టు లూజు కలవదు.

కాల్సైట్: ఒక్క ముక్క ఎందుకు చాలదు

రెండు పాయలుగా చీల్చేది కాల్సైట్. చాలామంది మొదట ఒకే కాల్సైట్ దిమ్మ కొంటారు, అక్కడే దెబ్బతింటారు. 45 డిగ్రీల కోతతో ఉన్న కాల్సైట్ తన పొడవులో 0.109 వంతు ఎడం ఇస్తుంది. 0.62 మి.మీ. ఎడానికి 5.7 మి.మీ. దిమ్మ చాలు. చిక్కేమిటంటే రెండు పాయలకూ ఫోకస్ ఒకే చోట పడదు. స్లిట్‌కి అడ్డంగా చూస్తే ఆ తేడా దాదాపు 0.6 మి.మీ. ఎఫ్/11 వెలుగులో అది 54 మైక్రాన్ల మసక. మన స్లిట్టే 40 మైక్రాన్లు. ఒక పాయ స్లిట్‌లోంచి చక్కగా దూరుతుంది, రెండోది సగం బయట ఆగిపోతుంది.

ఇంకో చిక్కు గ్రేటింగ్‌తో వస్తుంది. మిల్లీమీటరుకి 2400 గీతలున్న గ్రేటింగ్ తన గీతలకు సమాంతరంగా ఉన్న ధ్రువణాన్నీ, లంబంగా ఉన్న ధ్రువణాన్నీ ఒకేలా వెనక్కి పంపదు. ఒక పాయ వెలుగుతుంది, ఒక పాయ మాడిపోతుంది.

ఈ రెండు చిక్కులకూ మందు సవార్ట్ పలక. 4 మి.మీ. మందం ఉన్న రెండు కాల్సైట్ బిళ్లలను ఒకదానికొకటి 90 డిగ్రీలు తిప్పి అతికిస్తారు. మొదటి బిళ్లలో తిన్నగా పోయిన పాయ రెండోదానిలో పక్కకు జరుగుతుంది, మొదటిదానిలో జరిగింది రెండోదానిలో తిన్నగా పోతుంది. రెండూ ఒకే దారి నడిచినట్టే కాబట్టి ఫోకస్ కలుస్తుంది. మిగిలే ఆస్టిగ్మాటిజం 14 మైక్రాన్ల మసకే. రెండు పాయల మధ్య ఎడం 0.62 మి.మీ., అంటే ఆకాశంలో 33 ఆర్క్‌సెకన్లు. అన్నిటికంటే సంతోషం కలిగించే విషయం, ఇందులో పాయల ధ్రువణం వాటి ఎడం దిక్కుకి 45 డిగ్రీల వాలులో ఉంటుంది. ఎడాన్ని స్లిట్ వెంట పెడితే రెండు పాయలూ గ్రేటింగ్ గీతలకు 45 డిగ్రీల్లోనే పడతాయి. ఇక గ్రేటింగ్‌కి ఒక పాయ మీద పక్షపాతం ఉండదు.

కాల్సైట్ మెత్తటి రాయి, గోరుకంటే కాస్త గట్టిది. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. వెనిగర్, నిమ్మరసం లాంటి పులుపు తగిలితే కరుగుతుంది. చెమట చేతితో ముట్టుకోవద్దు. ముందూ వెనకా గాజు కిటికీలు పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లం వేసి, రబ్బరు రింగుతో మూసేయండి. కోస్తా గాలిలో మూయకుండా వదిలేస్తే రెండు సీజన్లకే ముఖం మసకబారుతుంది.

స్లిట్, గ్రేటింగ్, కెమెరా

స్లిట్ 40 మైక్రాన్లు, ఆకాశంలో 2.1 ఆర్క్‌సెకన్లు. ముఖం అద్దంలా మెరిసేది తీసుకోండి, గైడ్ కెమెరాకి దానిమీద పడ్డ రెండు నక్షత్ర బింబాలూ కనపడాలి. సవార్ట్ పలక వల్ల ఫోకస్ 3 మి.మీ. వెనక్కి పోతుందని పెట్టె గీసేటప్పుడే లెక్కలో వేసుకోండి.

స్పెక్ట్రోగ్రాఫ్‌కి లిట్రో అమరిక చాలు. 50 మి.మీ. పైన వ్యాసం, 400 మి.మీ. నాభ్యంతరం ఉన్న ఒకే అక్రోమాట్ కటకం వెలుగును సమాంతరం చేసి గ్రేటింగ్‌కి పంపుతుంది, తిరిగొచ్చినదాన్ని కెమెరా మీద ఫోకస్ చేస్తుంది. ఎఫ్/11 కాబట్టి కిరణపుంజం 36 మి.మీ., వాలుగా ఉన్న గ్రేటింగ్ మీద 46 మి.మీ. పరుచుకుంటుంది. 50 మి.మీ. గ్రేటింగ్ సరిపోతుంది.

గ్రేటింగ్ కోణం లెక్క ముచ్చటగా ఉంటుంది. 2400 గీతలకి, 5000 ఆంగ్‌స్ట్రామ్‌లకి సైన్ విలువ సరిగ్గా 0.6. అంటే గ్రేటింగ్‌ను వంచాల్సిన కోణం 3-4-5 త్రిభుజంలోని చిన్న కోణమే. ఇల్లు కట్టే మేస్త్రీలు మూల చూసుకోవడానికి తాడుతో వేసే త్రిభుజమే ఇది. మిల్లింగ్ షాపులో 36.87 డిగ్రీలని చెబితే ఎక్కడో తప్పు దొర్లొచ్చు. 30, 40, 50 మి.మీ. భుజాలతో ఒక దిమ్మ కోయించి గ్రేటింగ్‌ను దాని వాలు ముఖానికి ఆనించండి. ఆ తర్వాత సన్న మరతో సవరణ మాత్రమే మిగులుతుంది.

ఇలా కడితే 1 మి.మీ.కి 8.33 ఆంగ్‌స్ట్రామ్‌లు పడతాయి. స్లిట్ వెడల్పు 0.33 ఆంగ్‌స్ట్రామ్, విభేదన శక్తి 15,000. 3.76 మైక్రాన్ల పిక్సెల్, 23.5 మి.మీ. వెడల్పు ఉన్న చల్లబరిచే నలుపు తెలుపు సీమాస్ కెమెరాతో 196 ఆంగ్‌స్ట్రామ్‌లు ఒకేసారి వస్తాయి. 4905 నుంచి 5100 దాకా పెట్టుకుంటే 4923.93, 5018.44 ఇనుప గీతలు రెండూ దొరుకుతాయి. మొదటిదాని లాండే గుణకం 1.70. రంగు కెమెరా వాడొద్దు. రోహిణి కార్తెలో రాత్రి పది దాటినా గాలి 30 డిగ్రీల కింద దిగదు కాబట్టి కెమెరాను మైనస్ 5 దగ్గరే నిలపండి. మైనస్ 20 పెడితే కూలర్ నూటికి నూరు శాతం తిరుగుతూ ఉష్ణోగ్రత ఊగుతుంది.

పెట్టెకు 10 మి.మీ. అల్యూమినియం పలక, మధ్యలో పక్కటెముకల్లా అడ్డపట్టీలు. గ్రేటింగ్ ఒక్క ఆర్క్‌సెకను వంగినా వర్ణపటం దాదాపు 4 మైక్రాన్లు జరుగుతుంది. మనం వెతికే ఎడమే 5.5 మైక్రాన్లన్నాం. భయపడనక్కర్లేదు, వంగినప్పుడు రెండు పాయలూ కలిసే జరుగుతాయి, సిబ్బెలు మార్చినప్పుడు అది పోతుంది. అయినా ఒక్క ఫోటో తీస్తుండగానే జరిగితే గీత అలుక్కుపోతుంది, అందుకే గట్టి పెట్టె. బెంచి మీద అమరిక చూసుకోవడానికి చీమకుర్తి గ్రానైట్ పలక ఒకటి తెచ్చుకోండి. మెరుపు పాలిష్ ఉన్నంత మాత్రాన అది సమతలమని కాదు, ఉక్కు స్కేలు అంచు ఆనించి కింద వెలుగు దూరుతుందేమో చూసి మంచి చోటు ఎంచుకోండి.

బిగింపు

టెలిస్కోపు వైపు నుంచి వరస ఇది: పావు తరంగ పలక, సవార్ట్ పలక, స్లిట్, మలుపు అద్దం, కటకం, గ్రేటింగ్, మళ్లీ కటకం, కెమెరా. ఈ వరస తప్పకూడదు.

అన్నిటికంటే ఓపిక కావలసింది సవార్ట్ పలకను స్లిట్‌తో కలపడం. 2 డిగ్రీలు తప్పితే ఒక బింబం స్లిట్ మధ్యలో ఉన్నప్పుడు రెండోది 21 మైక్రాన్లు పక్కన ఉంటుంది, అంటే స్లిట్ అంచు మీద. 0.3 డిగ్రీల లోపు తేవాలి. టెలిస్కోపు చోట 20 మైక్రాన్ల పిన్‌హోల్‌ను ఎఫ్/11 కటకంతో స్లిట్ మీద ఫోకస్ చేసి, రెండు చుక్కలూ ఒకేసారి స్లిట్‌లోకి మునిగేదాకా పలక గొట్టాన్ని తిప్పండి. మునిగాక మూడు మరలతో బిగించి, మర తలల మీద ఎనామిల్ చుక్క వేయండి. బిగించేటప్పుడు గొట్టం కాస్త తిరుగుతుంది, కనుక బిగించాక మళ్లీ చూడటం మరవొద్దు.

తరంగదైర్ఘ్యాల గుర్తింపుకి నియాన్ దీపం. మన కిటికీలో 5005.16, 5031.35, 5037.75, 5080.38 గీతలు దొరుకుతాయి. బలహీనమైనవే, కాస్త ఎక్కువసేపు తీయండి.

ఇంట్లో పరీక్ష, ఆకాశంలో పరీక్ష

త్రీడీ సినిమా కళ్లజోడు దాచుకుని ఉంటే తీయండి. వృత్తాకార ధ్రువణంతో పనిచేసే రకం కావాలి. కంటివైపు నుంచి వెలుగు లోపలికి పోయి బయటి ముఖం నుంచి వచ్చేలా, తిరగేసి పెట్టెకు ముందు పట్టుకోండి. వచ్చే వెలుగు దాదాపు పూర్తిగా వృత్తాకారం. పలక ఒక స్థానంలో ఉన్నప్పుడు పై పాయ వెలిగి కింది పాయ ఆరిపోవాలి. పలక రెండో స్థానానికి మారగానే తారుమారు కావాలి. రెండో కంటి అద్దం పెడితే మొత్తం వ్యతిరేకం. ఇలా జరగకపోతే పలక అక్షం గుర్తు తప్పింది. ఆకాశం వైపు వెళ్లకండి, ఇక్కడే సరిచేసుకోండి.

తర్వాత స్వాతి నక్షత్రం. వెలుగు ఎక్కువ, గీతలు దండిగా ఉంటాయి, క్షేత్రం మాత్రం ఒక గాస్ కంటే తక్కువ. కాబట్టి ఈ పరికరంలో సంకేతం సున్నా రావాలి. స్వాతిలో ఏ గీత దగ్గరైనా గుబ్బ కనపడితే అది నక్షత్రానిది కాదు, మీ పరికరానిది. ఇది సరిపడేదాకా తర్వాతి మెట్టు ఎక్కొద్దు.

అసలు కొలత

మొదటి లక్ష్యం కోర్ కరోలి, సప్తర్షి మండలం తోక వంపు కింద ఒంటరిగా కనిపించే 2.9 పరిమాణ నక్షత్రం. ఏప్రిల్ నడిమిలో రాత్రి పదకొండున్నర ప్రాంతాన నెల్లూరులో ఉత్తరం వైపు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. 5.469 రోజులకొకసారి తన చుట్టూ తిరుగుతుంది, మన వైపు క్షేత్రం సుమారు 1000 గాస్ ధనం నుంచి అంతే రుణం దాకా మారుతుంది. సప్తర్షుల్లో అంగిరసుడు కూడా అయస్కాంత నక్షత్రమే, ఇంకా వెలుగైనదే. కానీ అతని క్షేత్రం వంద గాస్ చుట్టూనే ఉంటుంది. ఈ పరికరంతో మొదటి సీజన్లోనే దాని జోలికి పోతే నిరాశే.

కోర్ కరోలికి 19 ఆర్క్‌సెకన్ల దూరంలో 5.6 పరిమాణ తోడు నక్షత్రం ఉంది, స్థాన కోణం 229 డిగ్రీలు. స్లిట్‌ను ఆ దిక్కున పెడితే తోడు వెలుగు మీ రెండు పాయల మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. స్లిట్‌ను దానికి అడ్డంగా తిప్పుకోండి.

తీయాల్సింది నాలుగు ఫోటోలు, ఒక్కొక్కటి 300 సెకన్లు. పలక స్థానాలు వరసగా మొదటిది, రెండోది, రెండోది, మొదటిది. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని తీయకండి. నిలకడగా జరుగుతున్న మార్పు ఏదైనా ఉంటే ఒకటి-రెండు-రెండు-ఒకటి వరసలో అది తనను తానే కొట్టేసుకుంటుంది. మధ్యలో పల్చటి మబ్బు పోయినా పరవాలేదు, రెండు పాయల మీదా ఒకేలా పడుతుంది. మొత్తం మీద వెలుగులో 5 శాతం కెమెరాకి చేరితే, 20 నిమిషాల్లో ఒక్కో విభేదన ముక్కకి పది లక్షల ఎలక్ట్రాన్ల పైన వస్తాయి. సంకేతం, గోల నిష్పత్తి 1000 దాటుతుంది.

ఇక లెక్క. బయస్, డార్క్ (వెలుగు పడకుండానే కెమెరా చూపే గణనలు) తీసేసి, నాలుగు ఫోటోల్లోంచి పై పాయ, కింది పాయ వర్ణపటాలను విడివిడిగా లాగి, ఒక్కోదానికి విడిగా తరంగదైర్ఘ్యం కట్టండి. తర్వాత ప్రతి తరంగదైర్ఘ్యం దగ్గరా:

న⁴ = (పై1 ÷ కింది1) × (కింది2 ÷ పై2) × (కింది3 ÷ పై3) × (పై4 ÷ కింది4)

ధ్రువణం = (న − 1) ÷ (న + 1)

పాయల మధ్య గ్రేటింగ్ తేడా, పిక్సెళ్ల తేడా, మబ్బు, గైడింగ్ తప్పు అన్నీ ఈ భాగహారంలో పోతాయి. సిబ్బెల మార్పిడి జరిగేది ఇక్కడే. కాపలాగా ఇంకొకటి కూడా కట్టండి:

శూన్య న⁴ = (పై1 ÷ కింది1) × (కింది2 ÷ పై2) × (పై3 ÷ కింది3) × (కింది4 ÷ పై4)

ఇందులో నక్షత్ర ధ్రువణం కొట్టేసుకుపోతుంది, మిగిలేది పరికరం అబద్ధం మాత్రమే. మొదటి గీతపటంలో గుబ్బ ఉండి, ఇందులో బల్లపరుపుగా ఉంటేనే ఆ రాత్రి కొలతను పుస్తకంలో రాయండి.

గాస్‌లలోకి మార్చడానికి, గీత పొడవునా ప్రతి పిక్సెల్ దగ్గరా వెలుగు వాలును, అంటే తరంగదైర్ఘ్యంతో పాటు వెలుగు ఎంత మారుతోందో దాన్ని, అక్కడి వెలుగుతో భాగించి, 4.67 × 10⁻¹³ తోనూ, లాండే గుణకంతోనూ, తరంగదైర్ఘ్య వర్గంతోనూ గుణించి, రుణ గుర్తు పెట్టండి. ఆ విలువలు అడ్డ అక్షం మీద, ధ్రువణం నిలువు అక్షం మీద వేసి సరళరేఖ గీయండి. దాని వాలే మన వైపు క్షేత్రం, గాస్‌లలో. ఒక్క గీతతో కొలతలో తప్పు సుమారు వంద గాస్ అటూ ఇటూ ఉంటుంది. 4923, 5018 రెండూ కలిపితే తగ్గుతుంది, రెండింటి విలువలూ పొంతన కుదరాలి కూడా.

తేడా వచ్చినప్పుడు

శూన్య పటంలో గుబ్బ వచ్చిందంటే ఎక్కువగా పలక ఒక ఫోటోలో సరైన చోట ఆగలేదు, లేదా ఏదో పాయ సంతృప్త స్థాయి దాటింది. గరిష్ఠ గణనలో 60 శాతం దాటనివ్వకండి. పల్లె కరెంటు ఊగినప్పుడు స్టెప్పర్ అడుగులు తప్పుతుంది. మోటారుకి, కెమెరాకి బ్యాటరీ నుంచి 12 వోల్టులు నేరుగా ఇవ్వండి, ప్రతి వరసకు ముందు పలకను హోమ్ స్విచ్ దగ్గరికి పంపండి.

నేపథ్యంలో 30 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడుగు అలలు కనపడితే అభ్రకం జిగురులో గాలి చేరింది. అల గీతకంటే చాలా వెడల్పు కాబట్టి గీత చుట్టూ సరళరేఖ వేసి తీసేయొచ్చు, కానీ వచ్చే సీజన్‌కి కొత్త పలక అతికించుకోండి. ఒక పాయ రెండోదానికంటే సగం మసకగా ఉంటే సవార్ట్ గొట్టం తిరిగింది, ఎనామిల్ చుక్క పగిలిందేమో చూడండి. అర్ధరాత్రి తర్వాత రెండు పాయలూ కలిసి మసకబారితే అది మంచు. టెలిస్కోపు ముందు గాజుకి డ్యూ హీటర్ పట్టీ వేయండి. ఆరబోయడానికి హెయిర్ డ్రయ్యర్ ఎత్తొద్దు, ఉన్నట్టుండి వేడెక్కిన గాజులో ఒత్తిడి పుట్టి ధ్రువణం గంటసేపు గందరగోళమవుతుంది.

గుర్తు తలకిందులైందా అన్నది చివరి అనుమానం. పలక స్థానాలకు మొదటిది, రెండోది అని పేర్లు పెట్టింది మీరే కాబట్టి ధనం, రుణం మారిపోయే వీలుంది. కోర్ కరోలి క్షేత్రం ఏ దశలో ధనమో ప్రచురిత వక్రరేఖలున్నాయి, మీ బిందువులను వాటి పక్కన పెట్టి ఒక్కసారి ఖాయం చేసుకుని ప్రోగ్రాంలో రాసేయండి. వరసగా ఆరు రాత్రులు ఆకాశం దొరికితే చుట్టు దాదాపు పూర్తవుతుంది, ఆరో రాత్రి బిందువు మొదటి రాత్రి బిందువుకి దగ్గరగా వచ్చి చేరుతుంది. ఆపైన ఉత్తర కిరీట మండలంలోని బీటా ఉంది, 3.7 పరిమాణం, 18.49 రోజుల చుట్టు, సన్నటి గీతలు. మే నెలంతా సాయంత్రం నుంచే దొరుకుతుంది.